పురుగు చర్మం చిరగకుండా కాచే కణంలోపలి రవాణా: తరచుగా అడిగే ప్రశ్నలు

సీ. ఎలిగాన్స్ అనే చిన్న పురుగు ఒంటి మీది తొడుగు గురించి, దాన్ని అల్లి, చిల్లు పడితే పూడ్చి, వేళకు విడిచేసి కొత్తది తొడిగే కణాల గురించి పదే పదే ఎదురయ్యే ప్రశ్నలివి. కణం, జన్యువు, ప్రోటీన్ అనే మాటలు తెలిస్తే చాలు, మిగతావి దారిలో చెప్పుకుందాం.

ఇంతకీ ఏ పురుగు ఇది? దీన్నే ఎందుకు ఎంచుకున్నారు?

పూర్తి పేరు కీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్. కుళ్ళుతున్న పళ్ళలో, ఆకుల్లో, మట్టిలో బ్యాక్టీరియాను తింటూ బతుకుతుంది. ఏలికపాములకు, కొంకిపురుగులకు దూరపు చుట్టమే గానీ మనిషి జోలికి రాదు. పూర్తిగా ఎదిగినా సుమారు 1 మిల్లీమీటరు పొడవు. ఒళ్ళంతా గాజులా పారదర్శకం కాబట్టి బతికున్న పురుగును కొయ్యకుండానే దాని కణాల లోపల జరిగేది సూక్ష్మదర్శినిలో చూడవచ్చు.

సిడ్నీ బ్రెన్నర్ 1974లో దీని జన్యుశాస్త్రం మీద ప్రచురించిన పరిశోధనతో ఇది ప్రయోగశాలల్లో స్థిరపడింది. ద్విలింగ పురుగులో శరీర కణాల కేంద్రకాలు 959, ఎప్పుడు లెక్కపెట్టినా అంతే. ఒక్కొక్కటి ఏ కణం నుంచి పుట్టిందో జాన్ సల్‌స్టన్, ఆయన సహచరులు వంశవృక్షంలా గీసిపెట్టారు. 1998లో బహుకణ జీవులన్నిటిలోకీ మొదట జన్యుక్రమం చదివింది కూడా దీనిదే. చర్మం మీద పనిచేసేవారికి వీటికన్నా పనికొచ్చే గుణం ఇంకొకటుంది. చర్మంలో ఏ చిన్న తేడా వచ్చినా పురుగు ఆకారమో నడకో మారిపోతుంది, ఆ తేడా మామూలు సూక్ష్మదర్శినిలోనే కనబడుతుంది.

పురుగుకు చర్మం ఉంటుందా?

ఉంటుంది, కానీ మన చర్మంలా కాదు. మనకు కణాలు పొరలు పొరలుగా పేరుకుంటాయి, పైపొర కణాలు చచ్చి రాలిపోతుంటాయి. పురుగుకు ఉన్నది ఒకే ఒక్క కణాల పొర. దాన్ని ఎపిడెర్మిస్ అంటారు, పాత పుస్తకాల్లో హైపోడెర్మిస్ అని కనిపిస్తుంది. ఈ పొర తన బయటివైపున క్యూటికిల్ అనే గట్టి తొడుగును స్రవిస్తుంది. తెలుగు పాఠ్యపుస్తకాల్లో దీన్ని అవభాసిని అంటారు. క్యూటికిల్‌లో కణాలు లేవు, ప్రాణం లేదు. అది కణాలు తమ ఒంట్లోంచి బయటికి పంపిన ప్రోటీన్ల అల్లిక, ముఖ్యంగా కొలాజెన్లు అనే తాళ్ళలాంటి ప్రోటీన్ల అల్లిక.

ఎపిడెర్మిస్‌లో సింహభాగం హిప్7 అనే ఒకే ఒక పెద్ద కణానిది. చాలా కణాలు కలిసిపోయి అలా ఏర్పడింది. పెద్ద పురుగులో దానికి 139 కేంద్రకాలుంటాయి. ఒంటికి ఇరుపక్కలా బారుగా ఉండే సీమ్ కణాలు వేరు. పెద్ద పురుగు పక్కల మీద నిలువునా సాగే గీతలు, అంటే ఆలే అనే గట్లు, వాటి పనే.

తొడుగు మందం పెద్ద పురుగులో దాదాపు అర మైక్రాన్. అంత పలచనిది ఒళ్ళంతటికీ ఆకారమిస్తుంది, లోపలి ఒత్తిడిని ఆపుతుంది, కండరాలు లాగితే వంగుతుంది గానీ చిరగదు. ఈ తొడుగును కట్టడం అయిపోయిన గోడలా ఊహించుకుంటే దారి తప్పుతాం. ప్రతి క్షణం దాని అడుగున కణం కొన్ని సరుకులు పంపుతూ, కొన్నింటిని వెనక్కి తీసుకుంటూ ఉంటుంది. ఆ రాకపోకల్లో ఏ ఒక్కటి ఆగినా చర్మం నిలవదు.

‘ప్రోటీన్ల రవాణా’ అంటే ఏమిటి?

ప్రోటీన్ తయారయ్యే చోటు, పనిచేసే చోటు చాలాసార్లు ఒకటి కావు. బయటికి వెళ్ళాల్సిన ప్రోటీన్‌కు మొదట్లో ఒక చిన్న అమైనో ఆమ్లాల వరస ఉంటుంది, అదే దాని చిరునామా. ఆ వరస చూసి కణం ప్రోటీన్‌ను తన లోపలి పొరల వల అయిన అంతర్జీవ ద్రవ్యజాలంలోకి ఎక్కిస్తుంది. అక్కడ మడతపడి, చిన్న సంచుల్లాంటి వెసికిల్స్‌లో గాల్జీ అనే సరుకులు సర్దే అరకు వెళ్ళి, అక్కడి నుంచి కణపు అంచుకు చేరి బయటపడుతుంది. ఈ చిరునామా సంగతి కనిపెట్టినందుకు గుంటర్ బ్లోబెల్‌కు 1999లో, వెసికిల్స్ ఎలా పుట్టి ఎక్కడ కలుస్తాయో తేల్చినందుకు జేమ్స్ రాత్‌మన్, రాండీ షెక్‌మన్, థామస్ సూడాఫ్‌లకు 2013లో నోబెల్ వచ్చాయి.

వ్యతిరేక దిశలోనూ దారి ఉంది. కణం తన పైపొరను లోపలికి గుంటలా మడిచి, అక్కడున్నదాన్ని సంచిగా కట్టి లోపలికి లాక్కుంటుంది. ఇది ఎండోసైటోసిస్. అలా వచ్చినది తిరిగి అంచుకు వెళ్ళవచ్చు, లేదా కణపు జీర్ణసంచి అయిన లైసోజోమ్‌లో జీర్ణమైపోవచ్చు.

ఒక కొలాజెన్ అణువు పుట్టి తొడుగులో కుదురుకునే దాకా ఏమేం జరుగుతుంది?

ఈ పురుగుకు తొడుగు కోసమే 170కి పైగా కొలాజెన్ జన్యువులున్నాయి. తొడుగు మీద ఎంత శ్రద్ధో చూడండి. వాటిలో ఒకదాని వెంట వెళదాం.

ద్రవ్యజాలంలోకి రాగానే మూడు కొలాజెన్ గొలుసులు ఒకదాన్నొకటి చుట్టుకుని జడలా అల్లుకోవాలి. అందుకు గొలుసులో ప్రతి మూడో స్థానంలో గ్లైసిన్ అనే అతి చిన్న అమైనో ఆమ్లం ఉండాలి. అంతకన్నా పెద్ద అమైనో ఆమ్లం ఆ మూడు గొలుసుల మధ్య ఇరుకులో పట్టదు. జడ వదులు కాకుండా ప్రోలిన్ అనే అమైనో ఆమ్లాలకు ఆక్సిజన్, హైడ్రోజన్ల జంటను తగిలించే ఎంజైములుంటాయి, పురుగులో వాటి పేర్లు డంపీ-18, ఫై-2. రెండూ లేకుండా చేస్తే పిండం సాగిన ఆకారాన్ని నిలుపుకోలేక చచ్చిపోతుంది. ఇదే పని మన ఒంట్లోనూ జరుగుతుంది, దానికి విటమిన్ సీ కావాలి. స్కర్వీలో చిగుళ్ళు వదులై గాయాలు మానకపోవడానికి మూలం ఈ మెట్టులోనే ఉంది.

మడత పూర్తయ్యాక ఎగుమతి. ద్రవ్యజాలపు పొర మీద సెక్-23, సెక్-24 వంటి ప్రోటీన్లు ఒక కవచంలా కూడి, సరుకును ఏరి, పొరను ఉబ్బించి సంచిగా తెంపుతాయి. ఈ కవచం పేరు కోప్-2. గాల్జీ దాటాక, బయటపడే దారిలో, బ్లి-4 అనే కత్తెర ఎంజైము కొలాజెన్ ముందుభాగాన్ని కోసేస్తుంది. ఆ కోత పడ్డాకే అది పక్కవాటితో సరిగ్గా అమరుతుంది. చివరగా బయట, బ్లి-3 అనే ఎంజైము తయారుచేసే హైడ్రోజన్ పెరాక్సైడ్ సాయంతో పక్కపక్క అణువుల్లోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లాలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుంటాయి.

కోత ఎంత ముఖ్యమో రోల్-6 జన్యువులోని ఒక మార్పు చెబుతుంది. కత్తెర గుర్తుపట్టే చోట ఆర్జినిన్ అనే ఒక్క అమైనో ఆమ్లం స్థానంలో సిస్టీన్ అనే ఇంకొకటి వచ్చింది, అంతే. తొడుగు మొత్తం మెలితిరిగింది, పురుగు ముందుకు పాకలేక తనచుట్టూ తాను దొర్లుతూ గుండ్రంగా తిరుగుతుంది. ఒక్క అక్షరం తేడాతో నడకే మారిపోయిన ఈ పురుగును ఎన్నో ప్రయోగశాలల్లో గుర్తుగా వాడుతున్నారు. కొత్త జన్యువుతో పాటు ఈ మార్పును కూడా ఎక్కిస్తే, దొర్లే పురుగులన్నిటిలోకీ కొత్త జన్యువు చేరిందని తెలిసిపోతుంది.

ఈ రవాణా దెబ్బతింటే పురుగులో ఏం కనిపిస్తుంది?

కొన్ని పొట్టిగా లావుగా అవుతాయి, వాటిని డంపీ అంటారు. కొన్ని దొర్లుతాయి. కొన్నిటికి తొడుగు పొరల మధ్య ద్రవం చేరి బొబ్బలు లేస్తాయి, అవి బ్లిస్టర్ పురుగులు. పెద్ద పురుగు తొడుగులో బయటి పొరకూ లోపలి పొరకూ నడుమ చిన్న చిన్న స్తంభాలుంటాయి. బ్లి-1, బ్లి-2 కొలాజెన్లు లేకపోతే ఆ స్తంభాలు లేవవు. బొబ్బలకు కారణమదే.

ఇవి ఒక్కో కొలాజెన్ లోపించినప్పటి సంగతులు. రవాణా యంత్రాంగమే చెడితే దెబ్బ ఇంకా పెద్దది. సెక్-23 లోపించిన పిండాల్లో కొలాజెన్ ద్రవ్యజాలంలోనే ఇరుక్కుపోతుంది, తొడుగు సరిగ్గా ఏర్పడదు. పిండం గుడ్డులో చివరి గంటల్లో నాలుగింతలు పొడవు సాగుతుంది. ఆ పొడవును పట్టి ఉంచాల్సింది తొడుగే. అది రాకపోతే సాగినది నిలవదు.

కొలాజెన్ చాలా పొడవు కాబట్టే రవాణా కష్టమని విన్నాను. నిజమేనా?

మన ఒంట్లోని ప్రధాన కొలాజెన్ విషయంలో నిజమే. దాని జడ పొడవు 300 నానోమీటర్లు. మామూలు కోప్-2 సంచి అడ్డుకొలత 100 నానోమీటర్లు కూడా ఉండదు. అంత పొడవు కర్ర అంత చిన్న సంచిలో ఎలా పడుతుందన్నది ఎన్నో ఏళ్ళుగా కణశాస్త్రజ్ఞులను వేధించిన ప్రశ్న.

పురుగు తొడుగు కొలాజెన్లు మాత్రం పొట్టివి. జడ భాగం మన కొలాజెన్ జడలో చిన్న వంతే, మామూలు సంచిలో హాయిగా పడుతుంది. అయినా వాటికీ ప్రత్యేకమైన సాయం కావాలి. ద్రవ్యజాలపు పొరలో ఉండే టీమెమ్-131 అనే ప్రోటీన్ లేకపోతే పురుగు కొలాజెన్ బయటికి రాదు. మానవ కణాల్లోనూ ఇదే కుటుంబపు ప్రోటీన్ కొలాజెన్ ఎగుమతికి తోడ్పడుతుందని 2020లో తేలింది. నా దృష్టిలో ఇది విలువైన పాఠం. కష్టమంతా పొడవులోనే ఉందనుకుంటే ఈ పొట్టి కొలాజెన్లకు సాయం అవసరమయ్యేదే కాదు. మూడు గొలుసులూ ఒక్క చోట చేరాయా, జడ సరిగ్గా పడిందా అని చూసుకుని సరుకును సంచి దగ్గరికి అందించడం కూడా ఒక పెద్ద పనే.

కుబుసం ఎందుకు విడుస్తుంది?

పురుగు ఎదుగుతుంది, తొడుగు ఒక హద్దు దాటి సాగదు. అందుకే గుడ్డులోంచి బయటపడ్డాక నాలుగుసార్లు పాత తొడుగును విడిచి కొత్తది తొడుక్కుంటుంది. కీటకాలు, పీతలు, సాలెపురుగులు కూడా ఇలాగే చేస్తాయి కాబట్టి వీటన్నిటినీ కలిపి ఎక్డైసోజోవా అనే ఒకే సమూహంలో పెట్టారు.

వరస ఇలా ఉంటుంది. మొదట పురుగు మందకొడిగా అయి తినడం మానేస్తుంది. పాత తొడుగు కణాల నుంచి ఊడి వదులవుతుంది. దాని కింద కొత్తది తయారవుతుంది. ఆఖరికి పురుగు గింజుకుని, మెలికలు తిరిగి, పాత కుబుసంలోంచి తల ముందుగా బయటపడుతుంది. గొంతు లోపలి పొర కూడా కుబుసంతో పాటే వచ్చేస్తుంది.

దీనికి ముందే కొలాజెన్ జన్యువులు ఒకదాని తర్వాత ఒకటి అలలుగా మేల్కొంటాయి. కొన్ని కుబుసానికి చాలా ముందు, కొన్ని మధ్యలో, కొన్ని సరిగ్గా వేళకు. ముందుగా పనిచేసే వాటిలో డంపీ-7, డంపీ-10 వంటివి తొడుగు మీద చుట్టూ పడే గాడుల దగ్గర చేరతాయి. కొన్ని గంటల వ్యవధిలో ఒళ్ళంతటికీ సరిపడా కొలాజెన్‌ను కణం బయటికి తొయ్యాలి. రవాణా మీద ఇంత బరువు పడే వేళ పురుగు జీవితంలో ఇంకొకటి లేదు. అందుకే రవాణాలో చిన్న లోపమున్న పురుగులు మామూలు రోజుల్లో బాగానే తిరుగుతూ, సరిగ్గా కుబుసం విడిచే వేళకు చిక్కుకుపోతాయి.

బయటికి పంపడం సరే. చర్మం నిలవడానికి లోపలికి లాక్కోవడం ఎందుకు?

అందరూ అడగాల్సిన ప్రశ్న ఇది. తొడుగు కట్టడమంటే సరుకు బయటికి పోవడమే కదా అని చాలామంది అక్కడితో ఆగిపోతారు. కానీ కుబుసం విడవలేక చచ్చిపోయే పురుగుల్లో లోపమెక్కడుందని వెతికితే, తరచుగా అది లోపలికి తెచ్చే దారిలో దొరికింది.

మొదటి పెద్ద ఆధారం ఎల్ఆర్‌పీ-1. ఇది హిప్7 కణం బయటి అంచు మీద ఉండే భారీ గ్రాహకం, మన మూత్రపిండాల్లో ఉండే మెగలిన్‌కు బంధువు. ఇది లేని పురుగులు పాత తొడుగును పూర్తిగా విడవలేక అందులోనే చిక్కుకుంటాయని 1999లో వెల్లడైంది. వింతేమిటంటే, ఆహారంలో కొలెస్టరాల్ లేకుండా పెంచిన మామూలు పురుగులు కూడా ఇలాగే చిక్కుకుంటాయి. ఈ పురుగు కొలెస్టరాల్‌ను సొంతంగా తయారుచేసుకోలేదు, తిండి ద్వారానే రావాలి. కాబట్టి ఎల్ఆర్‌పీ-1 స్టెరాల్‌ను, అంటే కొలెస్టరాల్ జాతి పదార్థాన్ని, కణంలోకి చేరవేస్తుందనీ, కుబుసానికి కావాల్సిన సంకేతం ఆ స్టెరాల్ నుంచి తయారవుతుందనీ పరిశోధకులు భావించారు.

అది ఒక కారణం. ఇంకో కారణం సరళమైనది. పాత తొడుగును కరిగించే ఎంజైములు పనిచేస్తుంటే దాని ముక్కలు పోగవుతాయి, వాటిని ఎవరో ఏరెయ్యాలి. కుబుసం వేళకు ఎపిడెర్మిస్‌లోని లైసోజోమ్‌లు గుండ్రటి రూపం విడిచి గొట్టాల్లా సాగి, మరింత ఆమ్లంగా మారి, చురుగ్గా జీర్ణం చేస్తాయి. లైసోజోమ్ పని మందగిస్తే కొత్త తొడుగూ సరిగ్గా కుదరదు. మూడోది లెక్క సరిపెట్టడం. ఇన్ని సంచులు వచ్చి కణపు అంచులో కలుస్తుంటే ఆ అంచు పొర పెరుగుతూ పోతుంది. పెరిగిన పొరను, సంచులతో వచ్చిన పరికరాలను వెనక్కి తెచ్చుకుంటేనే తర్వాతి విడత సరుకు వెళ్ళగలుగుతుంది. బయటికి దారి తెరుచుకుని ఉండాలంటే లోపలికి దారి నడుస్తుండాలి.

నెకెల్ కైనేజ్‌ల పేరు వింటుంటాను. అవేమిటి?

నెకెల్-2, నెకెల్-3 అనేవి ఎపిడెర్మిస్‌లో పనిచేసే రెండు కైనేజ్ ఎంజైములు, అంటే ఇతర ప్రోటీన్ల మీద ఫాస్ఫేట్ ముద్ర వేసేవి. వీటికి ఎమ్ఎల్‌టీ-2, -3, -4 అనే మూడు తోడు ప్రోటీన్లున్నాయి. మనుషుల్లోనూ ఈ కుటుంబం ఉంది. అక్కడ వీటిని ఎక్కువగా కణవిభజన, సీలియాల (కణం మీది సన్నని వెంట్రుకల్లాంటివాటి) కోణంలోనే చదివారు. పురుగు చర్మం ఇంకో పని చూపించింది.

నెకెల్‌లు పూర్తిగా పనిచెయ్యని పురుగులు కుబుసం దగ్గర ఆగిపోతాయి. కొన్నిటికి తల దగ్గరా తోక దగ్గరా పాత తొడుగు ఊడిపోతుంది గానీ నడుము చుట్టూ బిగుసుకుని ఉండిపోతుంది, పురుగు నడుం సన్నగా నొక్కుకుపోతుంది. సూక్ష్మదర్శినిలో ఆ బొమ్మ చూస్తే, కాలం చెల్లిన తొడుగు ప్రాణం మీదికి ఎలా తెస్తుందో మాటల అవసరం లేకుండా అర్థమవుతుంది.

కారణం వెతికితే క్లాత్రిన్ దగ్గర దొరికింది. కణం లోపలికి లాక్కునే సంచులకు బయట క్లాత్రిన్ అనే ప్రోటీన్ పంజరంలా కూడుతుంది. ఆ పంజరాన్ని పొరకు, సరుకుకు కలిపేది ఏపీ-2 అనే జోడింపు సముదాయం. దాన్ని మేల్కొలిపేది ఎఫ్‌సీహెచ్ఓ-1. నెకెల్‌లు లేనప్పుడు ఈ యంత్రాంగం తన క్రమం తప్పి, క్లాత్రిన్ కణపు అంచున చిక్కుకుపోతుంది, సరుకు లోపలికి సరిగ్గా రాదు.

ఇక్కడే నాకు ఎంతో ఇష్టమైన ఫలితం ఉంది. నెకెల్ లోపంతో చావాల్సిన పురుగుల్లో ఎఫ్‌సీహెచ్ఓ-1ను కూడా తీసేస్తే, ఎక్కువభాగం బతికి కుబుసం విడుస్తాయి. లోపలికి తెచ్చే దారి ఇప్పటికే చెడిపోయి ఉంటే, దానికే ఇంకో దెబ్బ వేస్తే బాగుపడటమేమిటి? పంజరం కట్టడానికీ విప్పడానికీ మధ్య తూకం ఉండాలి, నెకెల్‌లు లేనప్పుడు ఆ తూకం కట్టే వైపుకు ఒరిగిపోతుంది. ఏపీ-2 ఉత్సాహాన్ని కాస్త తగ్గిస్తే మళ్ళీ సరిపోతుంది. రవాణా ఎంత ఎక్కువగా జరిగితే అంత మంచిదని కాదు, కట్టిన పంజరం వేళకు విడిపోవడం కూడా అంతే ముఖ్యమని జన్యుశాస్త్రం ఇంత సూటిగా చెప్పిన సందర్భాలు తక్కువ. చావును తప్పించే ఇలాంటి మార్పులను వెతకడానికి ముందే ఏం దొరుకుతుందో ఊహించక్కర్లేదు. చావాల్సిన పురుగుల్లో మార్పులు పుట్టించి, ఏది బతికిందో చూసి, దాని జన్యువు చదివితే జవాబు అదే వస్తుంది.

కణానికి ఏది బయటివైపో, ఏది లోపలివైపో ఎలా తెలుస్తుంది?

ఎపిడెర్మిస్ కణానికి రెండు ముఖాలున్నాయి. ఒకటి తొడుగు వైపు, రెండోది కండరాలూ నాడులూ ఉన్న లోపలి వైపు. తొడుగు కొలాజెన్లు మొదటి ముఖం నుంచే పోవాలి. రెండు ముఖాల మధ్య హద్దును కణాల అంచుల్లోని అతుకులు కాస్తాయి. అక్కడ క్యాడెరిన్, కాటెనిన్ అనే అతుకు ప్రోటీన్లతో పాటు డీఎల్‌జీ-1, ఏజేఎమ్-1 అనే జంట ఉంటుంది. లెట్-413 అనే ప్రోటీన్ లేకపోతే ఆ అతుకులు చెదిరిపోతాయి.

బయటి ముఖానికి వెళ్ళే దారులు కూడా ఒకటి కన్నా ఎక్కువే ఉన్నాయి. వీహెచ్ఏ-5 అనే ప్రోటీన్ చెడితే ఆలే గట్లు సరిగ్గా ఏర్పడవు. ఆ పురుగుల్లో కొన్ని ప్రోటీన్లు బయటికి పోకుండా, చిన్న సంచులు నిండిన పెద్ద సంచుల్లోనే ఆగిపోతున్నాయని 2006లో గమనించారు. కొన్ని సరుకులు సంచిలో సంచిగా బయటపడతాయన్నమాట.

కండరాలు అంత గట్టిగా లాగుతుంటే చర్మం ఊడిపోదా?

ఊడిపోకుండా మధ్యలో లంగర్లున్నాయి. కండరం లాగిన బలం పలచని ఎపిడెర్మిస్‌ను దాటి తొడుగుకు చేరాలి. కండరాల ఎదురుగా ఎపిడెర్మిస్ రెండు ముఖాల మీదా హెమిడెస్మోజోమ్‌లు అనే లంగర్లు ఉంటాయి, వాటిని మధ్యస్థ తంతువులు అనే గట్టి ప్రోటీన్ పోగులు కలుపుతాయి. లోపలి ముఖాన మయోటాక్టిన్ అనే ప్రోటీన్, బయటి ముఖాన మప్-4, మువా-3 పట్టుకుంటాయి. రెండు చోట్లా వాబ్-10ఏ తంతువులకు ముడివేస్తుంది. ఇవి పొరలో ఉండే ప్రోటీన్లు, ద్రవ్యజాలం నుంచి ప్రయాణం చేసి సరైన ముఖానికే చేరాలి. పిండంలో కండరం కదలడం మొదలెట్టగానే ఆ లాగుడే లంగర్లను మరింత బలపరచే సంకేతంగా పనిచేస్తుందని 2011లో తేలింది.

కండరాలు లేని చోట ఇంకో ఏర్పాటు ఉంది. ఎపిడెర్మిస్ బయటి పొర సన్నని మడతలుగా ముడుచుకుని తొడుగు గాడుల దగ్గర గుంపులుగా ఉంటుంది. వీటిని మీసోజోమ్‌లు అంటున్నారు, ఇవి తొడుగును కణానికి అంటిపెట్టి ఉంచుతాయని 2023లో ప్రచురించారు. గాడి కొలాజెన్లు లేని పురుగుల్లో ఈ మడతలు చిన్నవై చెదిరిపోతాయి, తొడుగు కణం నుంచి ఎడంగా లేస్తుంది. ఎప్పుడో స్రవించిన కొలాజెన్ తనను స్రవించిన కణపు అంచును ఇప్పుడు తీర్చిదిద్దుతోందన్నమాట.

చర్మానికి చిల్లు పడితే?

సన్నని సూదితోనో లేజర్‌తోనో గుచ్చితే పెద్ద పురుగు చాలావరకు కోలుకుంటుంది. గుచ్చిన క్షణాల్లో కాల్షియం అలలా వ్యాపిస్తుంది. ఆ కాల్షియానికి ముఖ్యమైన ద్వారం జీటీఎల్-2. దాంతో చిల్లు చుట్టూ ఆక్టిన్ అనే పోగుల ప్రోటీన్ వలయంలా చేరి మూసుకుంటూ వస్తుంది. హిప్7 ఒకే పెద్ద కణం కాబట్టి ఇక్కడ కణాలు పాకి వచ్చి ఖాళీ నింపడం ఉండదు, ఒకే కణం తన పొరను తానే అతుక్కోవాలి. అతుకు వెయ్యడానికి పొరలను కలిపే ప్రోటీన్లు గాయం దగ్గరికి రావాలి. సింటాక్సిన్-2, ఈఎఫ్ఎఫ్-1 అనే రెండు ప్రోటీన్లు అక్కడ చేరతాయి, వాటిని అక్కడికి రప్పించేవి ఆక్టిన్, పొరలను మలిచి తెంపే ఎస్కార్ట్ (ESCRT) అనే ప్రోటీన్ల యంత్రాంగం. ఇక్కడా నిర్ణయించేది రవాణాయే.

రోగక్రిములు ఈ తొడుగును దాటి వస్తాయా?

డ్రెక్‌మేరియా కోనియోస్పోరా అనే శిలీంధ్రం దాటుతుంది. దాని బీజాలు తొడుగుకు అంటుకుని, మొలకెత్తి, ఎపిడెర్మిస్‌లోకి చొచ్చుకుపోతాయి. అప్పుడు ఎపిడెర్మిస్ ఎన్ఎల్‌పీ-29 వంటి క్రిమిసంహారక పెప్టైడ్లను తయారుచేస్తుంది. గాయమైనా ఇవే తయారవుతాయి. గాడి కొలాజెన్లు లేకపోతే, గాయమూ శిలీంధ్రమూ లేకుండానే కణం ఇవి తయారుచేస్తుంది. తన తొడుగు చెదిరిందన్న సంగతిని కణం పసిగడుతోందని అర్థం. సంకేతాన్ని మోసే, స్టాట్ కుటుంబానికి చెందిన స్టా-2 అనే ప్రోటీన్, ఎస్ఎన్ఎఫ్-12 అనే పొర ప్రోటీన్‌తో జతకట్టి వెసికిల్స్ మీద ఉంటుంది. గాయమైనప్పుడు ఆ వెసికిల్స్ సూక్ష్మనాళికల, అంటే కణంలోని సన్నని గొట్టాల, సాయంతో గాయం వైపు కదులుతాయి.

ఇవన్నీ ఎలా తెలుసుకుంటారు?

మూడు పనిముట్లు ఎక్కువగా వాడతారు. ఒకటి జీఎఫ్‌పీ, వెలుగునిచ్చే ప్రోటీన్. మార్టిన్ చాల్ఫీ 1994లో దీన్ని ఈ పురుగులోనే వెలిగించి చూపారు. కొలాజెన్‌కు దీన్ని తగిలిస్తే, అది గాడుల్లో చారలుగా కనిపిస్తోందా, కేంద్రకం చుట్టూ వలలా ఇరుక్కుందా అన్నది ఒక్క చూపులో తెలుస్తుంది. రెండోది ఆర్‌ఎన్‌ఏ జోక్యం. 1998లో ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో ఇదే పురుగులో కనుగొన్నారు. ఏ జన్యువునైనా ఆపాలంటే తగిన ఆర్‌ఎన్‌ఏను తయారుచేసే బ్యాక్టీరియాను తినిపిస్తే చాలు. మూడోది అద్దకం. గట్టి తొడుగున్న పురుగులోకి డీఎన్‌ఏకు అంటుకునే హెక్స్ట్ రంగు చేరదు, తొడుగు కారుతుంటే కేంద్రకాలు నీలంగా మెరుస్తాయి. తొడుగు పటిష్ఠతకు ఇంత తేలికైన పరీక్ష ఇంకొకటి నాకు తెలియదు.

మనుషుల చర్మానికి దీనితో ఏమైనా సంబంధం ఉందా?

క్యూటికిల్ మనకు లేదు కాబట్టి పురుగు చర్మాన్ని నేరుగా మన చర్మంతో పోల్చకూడదు. పోలిక యంత్రాంగంలో ఉంది. సెక్-23కు మనలోని ప్రతిరూపాల్లో ఒకటైన సెక్23ఏ చెడితే పుర్రె ఎముకల కలయిక, ముఖ నిర్మాణం దెబ్బతినే అరుదైన పుట్టుక వ్యాధి వస్తుంది, అక్కడా కొలాజెన్ ద్రవ్యజాలంలో పేరుకుంటుంది. వాబ్-10ఏకు బంధువైన ప్లెక్టిన్ లోపిస్తే చిన్న రాపిడికే చర్మం బొబ్బలెక్కే వ్యాధి, దానితో పాటు కండరాల క్షీణత వస్తాయి. కండరమూ చర్మమూ రెండూ ఎందుకు దెబ్బతింటాయో పురుగులోని లంగర్లను చూసినవారికి ఆశ్చర్యం కలగదు. పురుగులో చూసిన దాన్ని మందుగా మార్చడానికి మాత్రం చాలా దూరం ఉంది, ఎవరైనా వెంటనే చికిత్స వచ్చేస్తుందని చెబితే నమ్మవద్దు.

పరాన్నజీవి పురుగులను ఈ దారిలో చంపవచ్చా?

ఆలోచన సబబైనదే. ఏలికపాములు, కొంకిపురుగులు, బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగులు అన్నీ కొలాజెన్ తొడుగు తొడిగి, కుబుసం విడిచేవే. మనం కుబుసం విడవం కాబట్టి ఆ మెట్టు మీద దెబ్బ వేస్తే మనకు హాని తక్కువ. ఇప్పుడు వాడుకలో ఉన్న ప్రధాన మందులు వేరే చోట పనిచేస్తాయి. ఐవర్‌మెక్టిన్ నాడీ కండర కణాల క్లోరైడ్ ద్వారాల మీద, ఆల్బెండజోల్ సూక్ష్మనాళికలను కట్టే ట్యూబులిన్ ప్రోటీన్ మీద. రవాణా ప్రోటీన్లు చాలావరకు మనకూ పురుగుకూ ఉమ్మడివి, అందుకే ఏది పురుగుకే ప్రత్యేకమో ఏరుకోవడం అసలు చిక్కు.

ఎదిగాక కుబుసం విడవదు కదా, మరి ఆ తర్వాత తొడుగు సంగతేమిటి?

నాలుగో కుబుసంతో చివరి తొడుగు వస్తుంది, మిగతా రెండు మూడు వారాల జీవితమంతా దానితోనే. అయినా కణం చేతులు ముడుచుకుని కూర్చోదు. పురుగు ఎదిగాక కూడా కొంతకాలం పెరుగుతుంది, కొలాజెన్ తయారీ కూడా కొంత సాగుతుంది. వయసు మీదపడేకొద్దీ ఆ తయారీ తగ్గిపోతుంది, తొడుగు ముడతలు పడుతుంది. డాఫ్-2 అనే జన్యువులో మార్పు వల్ల మామూలు కన్నా ఎక్కువకాలం బతికే పురుగుల్లో కొన్ని కొలాజెన్ల తయారీ ఆలస్యంగా తగ్గుతుందనీ, ఆ కొలాజెన్లను అడ్డుకుంటే అదనంగా దొరికిన ఆయుష్షు కొంత పోతుందనీ 2015లో చూపించారు. అన్ని రోజుల తర్వాత కూడా ఆ కొలాజెన్ ద్రవ్యజాలంలో జడ అల్లుకుని, సంచిలో ఎక్కి, అదే పాత దారిన బయటికి రావాల్సిందే.